జీవరక్ష – జగన్మైత్రి: హైదరాబాదు రాష్ట్రంలో సామూహిక పఠనం, కారుణ్య భావన (జోగిపేట సభ నేపథ్యం)

వ్యాస సంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది తొలి నాలుగు దశాబ్దాల్లో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాల్లో గ్రంథాలయాలు, భజన మండళ్లు, సంస్కరణ సమాజాలు కలిసి చదివే, కలిసి వినే అలవాటును పెంచాయి. ఈ చరిత్రను భాషాభిమానం, రాజకీయ చైతన్యం అనే రెండు కోణాలనుంచి పరిశోధకులు విస్తారంగా చర్చించారు. ఆ సామూహిక పఠన వేదికలలో కారుణ్య భావన ఎట్లా రూపుదిద్దుకొంది, ఎక్కడ దాని పరిమితులు బయటపడ్డాయి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. జగన్మిత్ర మండలి (1906), జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి, 1921 నాటి సంఘసంస్కరణ సభ, 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ ఇందుకు ప్రధాన ఆధారాలు. ఇతరుల బాధను చూసి జాలిపడే ‘దయ’నుంచి, ఇతరుల మాటను పక్కన కూర్చొని వినే ‘మైత్రి’కి సాగిన ప్రయాణంగా ఈ చరిత్రను చదవవచ్చునని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సామూహిక పఠనం, గ్రంథాలయోద్యమం, జీవకారుణ్యం, మైత్రి, భాగ్యరెడ్డివర్మ, జోగిపేట, సంగారెడ్డి.

1. ఉపోద్ఘాతం

నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేట, ఆంధ్రోద్యమ చరిత్ర చదివినవారందరికీ తెలిసిన పేరు. 1930 మార్చి 3, 4, 5 తేదీలలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ ఇక్కడ జరిగింది. అప్పటికి జోగిపేట మెదక్ జిల్లాలోని ఒక చిన్న వర్తక కేంద్రం. ఆ సభ వెనుక మూడు దశాబ్దాల గ్రంథాలయ కృషి ఉంది. ఆ కృషి వెనుక అంతకంటే పాతదైన కాలక్షేప సంప్రదాయం ఉంది.

గ్రంథాలయోద్యమాన్ని గురించిన రచనలలో సాధారణంగా మూడు ప్రశ్నలకు సమాధానాలు దొరుకుతాయి. ఏ గ్రంథాలయం ఎప్పుడు పుట్టింది? ఎవరు స్థాపించారు? ప్రభుత్వం ఎటువంటి ఆటంకాలు కల్పించింది? ఈ సమాచారం విలువైనదే. అయితే, ఒక ఊళ్లో నలుగురు ఒకచోట చేరి ఒక పుస్తకాన్ని కలిసి చదివినప్పుడు వారి మధ్య ఏ రకమైన నైతిక సంబంధం ఏర్పడింది, చదువురాని వ్యక్తికి, అంటరానివాడుగా నెట్టివేయబడ్డ వ్యక్తికి, స్త్రీకి ఆ గదిలో ఎక్కడ చోటు దొరికింది అన్నవి అంతగా చర్చకు రాలేదు. కారుణ్యాన్ని గురించి చదవడం ఒకటి. కారుణ్యంతో కూడిన పఠనస్థలాన్ని నిర్మించడం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. దయ, కరుణ, మైత్రి: మాటల వెనుక భావన

తెలుగులో భూతదయ, జీవకారుణ్యం, కనికరం, జాలి, దయ అనే మాటలు దాదాపు పర్యాయపదాలుగా వాడుకలో ఉన్నాయి. నిశితంగా చూస్తే వీటిలో ఎక్కువ మాటలకు ఒక దిశ ఉంది. దయ పై నుంచి కిందికి ప్రవహిస్తుంది. ‘దయతలచు’, ‘కనికరించు’ అన్న క్రియలకు కర్తగా ప్రభువో, దైవమో, ధనికుడో ఉంటారు. దయ పొందేవాడు చేతులు జోడించి నిలబడతాడు. మైత్రి అలా కాదు. దానికి ఎగువదిగువలు లేవు. మిత్రులిద్దరూ ఒకే అరుగుమీద కూర్చోగలరు.

బౌద్ధం మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగింటిని బ్రహ్మవిహారాలుగా చెప్పింది. పతంజలి యోగసూత్రాలలోనూ ఈ నాలుగు భావనలు కనిపిస్తాయి. 1957లో వెలువడిన ‘బుద్ధుడు – అతని ధమ్మం’ గ్రంథంలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కరుణకు, మైత్రికి మధ్య భేదాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపారు. కరుణ మానవులపట్ల చూపే ప్రేమగాను, మైత్రి దానిని దాటి సమస్త జీవులకు విస్తరించే ప్రేమగాను ఆయన వివరించారు. ఈ వ్యాసం ‘మైత్రి’ అన్న మాటను ఈ విస్తృతార్థంతోపాటు, సమానుల మధ్య సంబంధం అన్న లోకవ్యవహారార్థంలోనూ వాడుతుంది.

ఈ భావనలకు సంగారెడ్డి ప్రాంతం కొత్త కాదు. సంగారెడ్డికి సమీపంలోని కొండాపురంలో 1940–42 మధ్య హైదరాబాదు రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో శాతవాహనకాలపు నాణేలతోపాటు బౌద్ధ కట్టడాల అవశేషాలు బయటపడ్డాయి. కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా ప్రసిద్ధికెక్కిన పటాన్‌చెరు జైనానికి కేంద్రంగా ఉండేదని అక్కడ దొరికిన శిల్పాలు చెబుతున్నాయి. అహింసను పరమధర్మంగా భావించిన రెండు మతాలూ ఈ నేలమీద శతాబ్దాలపాటు వర్ధిల్లాయి. ఈ ప్రాచీన వారసత్వానికీ ఆధునిక పఠన సమాజాలకూ మధ్య అవిచ్ఛిన్నమైన సంబంధం ఉందని చెప్పడం చారిత్రకంగా సరికాదు. ఆధునిక యుగంలో బుద్ధుని పేరు ఈ ప్రాంతానికి తిరిగి వచ్చింది శిథిలాలనుంచి కాదు. హైదరాబాదు నగరంలోని దళితవాడల సభలనుంచి.

3. వినికిడి సంప్రదాయం

1931 నాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యులు నూటికి పదిమంది లేరు. విద్యాబోధన, పాలనా వ్యవహారాలు ఉర్దూలో సాగేవి. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనభాష ఉర్దూయే. ఇటువంటి పరిస్థితిలో ‘చదువరి’ అన్న మాటను ఒంటరిగా పుస్తకం పట్టుకొని కూర్చున్న వ్యక్తికి మాత్రమే పరిమితం చేస్తే, తెలుగు సమాజపు పఠనచరిత్రలో అధికభాగం మన దృష్టికి రాదు.

పురాణ కాలక్షేపంలో ఒకరు పద్యం చదివితే మరొకరు అర్థం చెప్పేవారు. ఊరంతా వినేది. హరికథలో కథకుడు కథను ఆపి, లోకవ్యవహారాన్ని చొప్పించి, మళ్లీ కథలోకి వెళ్లేవాడు. భజన మండలిలో పాడేవారికీ వినేవారికీ మధ్య గీత చెరిగిపోయేది. ఒక చరణాన్ని అందరూ కలిసి అందుకొనేవారు. అచల గురువుల తత్త్వగోష్ఠులలో ఒక తత్త్వాన్ని పాడి దాని మర్మాన్ని శిష్యులు తర్కించేవారు. ఇవన్నీ సామూహిక పఠన రూపాలే. వీటిలో పాఠం ఒకరి చేతిలో ఉన్నా, అర్థం అందరి మధ్యా తయారయ్యేది.

అయితే, ఈ రూపాలన్నీ ఒకే రకమైనవి కావు. దేవాలయ ప్రాంగణంలో జరిగే పురాణానికి అంటరాని కులాలవారు దూరంగా నిలబడవలసి వచ్చేది. అచల సంప్రదాయంలో మాత్రం కులం అడ్డుగోడ బలహీనపడింది. సికింద్రాబాదులో అరిగె రామస్వామి అచల తత్త్వాన్ని బోధిస్తూనే 1912లో సునీత బాల సమాజాన్ని స్థాపించి దళితవాడలలో సంస్కరణకు పూనుకొన్నారు. తత్త్వగోష్ఠి సంఘసంస్కరణ వేదికగా మారిన క్రమానికి ఇది స్పష్టమైన నిదర్శనం. ఆధునిక గ్రంథాలయం వచ్చేనాటికే వాడలలో వినే సమాజాలు సిద్ధంగా ఉన్నాయి. గ్రంథాలయం వాటిని చేరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

4. గ్రంథాలయాల తొలి దశ

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు ప్రభృతులు దీనికి మూలస్తంభాలు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం ఏర్పడ్డాయి. 1906లో హైదరాబాదులో ప్రారంభమైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాస్త్ర, చరిత్ర విషయాలను తెలుగు వచనంలో అందించింది. కోస్తా ప్రాంతంలో 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం స్థాపితమైంది. రెండు ప్రాంతాల ఉద్యమాలూ పరస్పరం ప్రేరణ పొందాయి.

ఈ గ్రంథాలయాల పేర్లలోనే వాటి ఆశయం కనిపిస్తుంది. కృష్ణదేవరాయలు, రాజరాజనరేంద్రుడు తెలుగు సాహిత్య పోషకులైన రాజులు. అణగారిన భాషకు గతవైభవాన్ని గుర్తుచేసి ఆత్మగౌరవం కలిగించడం స్థాపకుల తక్షణావసరం. నిర్వాహకులలో ఎక్కువమంది న్యాయవాదులు, ఉద్యోగులు, భూస్వాములు. పత్రికాపఠనం, ఉపన్యాసాలు, కవిజయంతులు వారి ప్రధాన కార్యక్రమాలు. భాషకు జరిగిన అవమానాన్ని వారు తీవ్రంగా గుర్తించారు. మనిషికి జరిగే అవమానం అదే తీవ్రతతో వారి పఠన కార్యక్రమాలలోకి ప్రవేశించడానికి కొంత కాలం పట్టింది.

ఇదే కాలంలో యూరప్‌లో వచ్చిన ఒక పరిణామం పోల్చదగినది. 1902లో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో మద్యపాన వ్యతిరేకోద్యమ కార్యకర్త ఆస్కార్ ఓల్సన్ అధ్యయన బృందాన్ని ప్రారంభించారు. గురువు లేకుండా, కొద్దిపాటి పుస్తకాల చుట్టూ సామాన్యులు చేరి చదివి చర్చించుకొనే ఆ పద్ధతి క్రమంగా స్వీడన్ అంతటా వ్యాపించింది. నైతిక జీవనానికి సంబంధించిన ఒక ఉద్యమం పఠన బృందానికి జన్మనివ్వడం ఇక్కడ గమనార్హం. హైదరాబాదులో ఇటువంటి కలయిక భాషా నిలయాలలోకంటే ముందుగా దళితవాడలలో సంభవించింది.

5. జగన్మిత్ర మండలి, జీవరక్షా మండలి

మాదరి భాగయ్యగా 1888 మే 22న హైదరాబాదులో జన్మించిన భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించారు. అప్పటికి ఆయన వయస్సు పద్దెనిమిదేళ్లు. మండలి పని భజనలు, హరికథలు, ఉపన్యాసాలతో మొదలైంది. చదువురాని వాడవారిని ఒకచోట చేర్చి, వారికి తెలిసిన రూపంలోనే కొత్త విషయాలను వినిపించడం దాని పద్ధతి. మద్యపానం, జోగిని వంటి దురాచారాలు, బాల్యవివాహాలు అక్కడ చర్చకు వచ్చేవి. 1910లో ఇసామియా బజారులో పాఠశాల ప్రారంభమైంది. ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో ఆదిహిందూ పాఠశాలల్లో తెలుగులో బోధన సాగింది. గ్రంథాలయోద్యమకారులు కోరుకొన్న భాషాసేవ ఇక్కడ వేరే పేరుతో, వేరే ప్రజల మధ్య జరిగింది.

సంస్థ పేర్లలో వచ్చిన మార్పు ఒక భావచరిత్ర. 1906లో జగన్మిత్ర మండలి. 1911లో మన్య సంఘం. ఆ తరువాతి దశాబ్దంలో ఆదిహిందూ సమాజసేవా సంస్థ. మొదటి పేరు లోకంతో స్నేహాన్ని ప్రకటిస్తుంది. రెండవది గౌరవాన్ని కోరుతుంది. మూడవది ఈ నేలమీద తొలి హక్కును చాటుతుంది. మైత్రి హస్తం చాచినవారికి గౌరవం దక్కనప్పుడు హక్కుల భాష అనివార్యమవుతుందని ఈ క్రమం సూచిస్తున్నది. 1917 నవంబరులో విజయవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభ ‘పంచమ’ పదాన్ని తిరస్కరించి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును స్వీకరించింది. సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ ఆలయాన్ని మూసివేయడం, ఆనాటి భూతదయ ఎక్కడ ఆగిపోయేదో తెలిపే ఘటన.

ఇదే కాలంలో హైదరాబాదులో జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి పనిచేసింది. న్యాయమూర్తి రాయ్ బాలముకుంద్, వర్తకుడు లాల్జీ మేఘ్‌జీ దీనిలో ప్రముఖులు. జంతుబలులను మాన్పించడం, మాంసాహార, మద్యపానాలను విడనాడేలా ప్రబోధించడం దీని లక్ష్యాలు. భాగ్యరెడ్డివర్మ ఈ మండలితో కలిసి పనిచేశారు. దాని పేరులోని ‘జ్ఞాన ప్రచారక’ అన్న మాట గమనించదగినది. కారుణ్యం పుట్టుకతో వచ్చే గుణం మాత్రమే కాదనీ, ప్రచారంతో, పఠనంతో, చర్చతో పెంపొందించగల జ్ఞానమనీ ఈ పేరు భావిస్తున్నది. ఇంగ్లండులో 1891లో హెన్రీ సాల్ట్ ప్రభృతులు స్థాపించిన మానవతా సంఘం కూడా జంతువులపట్ల క్రౌర్యాన్నీ, మనుషులపట్ల క్రౌర్యాన్నీ ఒకే సమస్యకు రెండు ముఖాలుగా చూసింది.

ఈ కలయికను ఎట్లా అర్థం చేసుకోవాలి? ఒక దృష్టితో చూస్తే ఇందులో అసమానత ఉంది. సంపన్నవర్గాల కారుణ్యం మొదట మేకపిల్లకు, దున్నపోతుకు చేరింది. వాటిని బలి ఇచ్చే పేదవారిని మారవలసిందిగా కోరింది. వారిని బావి దగ్గరికి రానివ్వని ఇరుగుపొరుగును అంత గట్టిగా ప్రశ్నించలేదు. సంస్కరణ భారం బాధితులమీదే పడింది. మరొక దృష్టితో చూస్తే, భాగ్యరెడ్డివర్మ ఈ వేదికను తెలివిగా వినియోగించుకొన్నారని భావించవచ్చు. నోరులేని జీవిపై జాలి చూపమని కోరే సభలో, నోరుండీ మాట్లాడే హక్కులేని మనిషిని గురించి మాట్లాడితే శ్రోతలు తప్పించుకోవడం కష్టం. రాయ్ బాలముకుంద్ వంటివారు ఆదిహిందూ కృషికి కూడా అండగా నిలవడం, కనీసం కొందరు శ్రోతలు జీవరక్షనుంచి మానవరక్షకు ఒక అడుగు ముందుకు వేశారనడానికి సాక్ష్యం.

భాగ్యరెడ్డివర్మ బుద్ధ జయంతులను నిర్వహించడం ఈ ఆలోచనకు సహజమైన కొనసాగింపు. జంతుబలిని, వర్ణభేదాన్ని ఏకకాలంలో నిరాకరించిన గురువుగా బుద్ధుడు ఆయనకు కనిపించి ఉండాలి. అంబేడ్కర్ 1956లో బౌద్ధ దీక్ష స్వీకరించడానికి ఎన్నో ఏళ్ల ముందే హైదరాబాదు వాడలలో బుద్ధుని పేరు వినిపించింది. 1931లో ఆయన ప్రారంభించిన ‘భాగ్యనగర్ పత్రిక’ ఈ వినే సమాజాన్ని చదివే సమాజంగా మార్చే ప్రయత్నం.

6. 1921 నవంబరు: వినిపించుకోని సభ

1921 నవంబరులో హైదరాబాదులో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగింది. స్త్రీవిద్యకు జీవితాన్ని అంకితం చేసిన మహర్షి ధోండో కేశవ్ కర్వే అధ్యక్షులు. ఆంగ్లం, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసాలు సాగాయి. న్యాయవాది అల్లంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేచినప్పుడు సభికులలో కొందరు గోలచేసి అవహేళన చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కొద్దిమంది తెలుగువారు సమావేశమయ్యారు. ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1923 నాటికి అది ఆంధ్ర జన కేంద్ర సంఘంగా విస్తరించి గ్రంథాలయ స్థాపనను ప్రధాన కార్యక్రమంగా స్వీకరించింది.

ఈ ఘటనను తెలంగాణ తెలుగువారి జాగృతికి నాందిగా చరిత్రకారులు పేర్కొన్నారు. దీనిలో మరొక పాఠం కూడా ఉంది. ఆ సభ సంస్కర్తలది. స్త్రీల దుఃస్థితికి, సాంఘిక దురాచారాలకు చలించినవారే అక్కడ చేరారు. అయినా ఒక మనిషి తన తల్లిభాషలో మాట్లాడుతుంటే వినే ఓపిక సభికులకు లేకపోయింది. ఆదర్శాల పట్టికలో కారుణ్యం ఉన్నంతమాత్రాన సభానిర్వహణలో అది ఉండదు. ఎవరు మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి, ఎవరు నవ్వుతారు అన్న చిన్న విషయాలలోనే దాని పరీక్ష జరుగుతుంది. తొమ్మిదేళ్ల తరువాత ఈ పరీక్ష ఆంధ్రోద్యమానికే ఎదురైంది.

7. జోగిపేట, 1930

1920ల చివరికి తెలంగాణ జిల్లాలలో గ్రంథాలయాలు వ్యాపించాయి. 1926లో ప్రారంభమైన ‘గోలకొండ పత్రిక’ వాటిని ఒక తాటిమీదికి తెచ్చింది. గ్రామగ్రంథాలయంలో పత్రిక వచ్చిన రోజున ఒకరు చదువుతుంటే పలువురు వినడం సాధారణ దృశ్యమైంది. పాత కాలక్షేప సంప్రదాయం కొత్త వస్తువును అందిపుచ్చుకొంది. సభలు జరపాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ అమలులో ఉన్నందున, గ్రంథాలయ వార్షికోత్సవమే ప్రజలు బహిరంగంగా కలుసుకోగల కొద్ది అవకాశాలలో ఒకటైంది. ప్రభుత్వం గ్రంథాలయాన్ని అనుమానించడానికి కారణం అక్కడి పుస్తకాలకంటే అక్కడ చేరే మనుషులే.

ఈ నేపథ్యంలో జోగిపేట సభ జరిగింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు తరం నాయకుల దీర్ఘకాలిక కృషికి అది ఫలితం. విద్యావ్యాప్తి, గ్రంథాలయాలు, స్త్రీవిద్య, సాంఘిక సంస్కరణ ప్రధానాంశాలు. మహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరిగింది. ఘోషా పద్ధతి బలంగా ఉన్న కాలంలో ఒక మారుమూల పట్టణంలో స్త్రీలు తమ సభను తామే నడుపుకోవడం అసాధారణమైన విషయం. కరుణకు పాత్రులుగా సంస్కర్తల ఉపన్యాసాలలో కనిపించిన స్త్రీలు ఇక్కడ వక్తలుగా, అధ్యక్షులుగా కనిపించారు. దయ మైత్రిగా మారిన సందర్భాలలో ఇది ఒకటి.

రెండవ సందర్భం ఇంత సుగమంగా గడవలేదు. భాగ్యరెడ్డివర్మ ఈ సభలో పాల్గొనడంపట్ల ఛాందసవర్గం అభ్యంతరం తెలిపింది. తెలుగులో మాట్లాడిన వ్యక్తికి జరిగిన అవమానంనుంచి పుట్టిన ఉద్యమమిది. దాదాపు పాతికేళ్లపాటు దళితవాడలలో తెలుగులో భజనలు చేయించి, తెలుగులో పాఠశాలలు నడిపి, తెలుగులో ప్రబోధించిన వ్యక్తి ఉనికే దాని తొలి మహాసభలో వివాదమైంది. 1921లో భాష కారణంగా ఒకరి మాట వినలేదు. 1930లో జన్మ కారణంగా మరొకరి మాట వినరాదని కొందరు వాదించారు. రెండు నిరాకరణలకూ మూలం ఒకటే. ఎదుటి వ్యక్తి బాధ గురించి మాట్లాడడానికి ఇష్టపడేవారు, ఆ వ్యక్తి తానే మాట్లాడడానికి ఇష్టపడకపోవడం.

అభ్యంతరాలతోనే చరిత్ర ముగియలేదు. ఆంధ్రమహాసభలోని సంస్కరణవాదులు క్రమంగా బలపడ్డారు. 1934లో ఖమ్మంలో, 1935లో సిరిసిల్లలో, ఆపై జరిగిన సభలలో సాంఘిక ప్రశ్నలు మళ్లీ మళ్లీ చర్చకు వచ్చాయి. 1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యేనాటికి వెట్టిచాకిరి, కౌలుదారుల కష్టాలు కేంద్రస్థానానికి చేరాయి. జోగిపేటలో అధ్యక్షత వహించిన సురవరం 1949లో ప్రచురించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కనపెట్టి సామాన్యుల తిండి, బట్ట, ఆటపాటలు, ఆచారాలను చరిత్రవస్తువుగా చేశారు. రాజుల పేర్లతో మొదలైన పఠనోద్యమం అర్ధశతాబ్ది గడిచేసరికి సామాన్యుని చరిత్రను రాసుకొనే స్థితికి చేరింది.

8. పుస్తకం ఇంటికి నడిచి వచ్చినప్పుడు

గ్రంథాలయానికి రాలేనివారి సంగతేమిటన్న ప్రశ్నకు ఆనాడే రెండు ఆచరణాత్మక సమాధానాలు లభించాయి. కోస్తాలో పాతూరి నాగభూషణం 1935లో కాలువమీద పడవ గ్రంథాలయాన్ని నడిపారు. తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలను మోసుకొంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఇతరుల ఇళ్లలో వంటపని చేసి, హోటలులో పనిచేసి, స్వయంకృషితో చదువుకొన్న వ్యక్తి ఆయన. ‘ప్రజల మనిషి’ అన్న ఆయన నవల పేరు ఆయనకే పర్యాయపదమైంది. పాఠకుడు గ్రంథాలయానికి రావాలన్న నియమాన్ని తిరగరాసి, గ్రంథాలయమే పాఠకుని దగ్గరికి వెళ్లాలన్న పద్ధతి ఇది. కారుణ్యాన్ని గురించి ఒక్క ఉపన్యాసమూ అవసరం లేకుండా, అది పంపిణీ విధానంలోనే వ్యక్తమైంది.

9. సమకాలీన ప్రాసంగికత: పటాన్‌చెరు

1970వ దశకంలో పటాన్‌చెరు పరిసరాలు పారిశ్రామిక ప్రాంతంగా మారాయి. 1972లో అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్కడ నెలకొంది. రసాయన, ఔషధ కర్మాగారాల వ్యర్థాలతో నక్కవాగు, పరిసర చెరువులు కలుషితమైనాయన్న ఫిర్యాదు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, ఇక్కడి శుద్ధి కేంద్రంనుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు చూపింది. ఒకప్పుడు బలిపీఠం దగ్గర ఆగిన జీవరక్ష భావన ఇప్పుడు చెరువులోని చేపను, ఆ నీరు తాగే పశువును, ఆ పొలం దున్నే రైతును ఒకే వాక్యంలో చెప్పవలసిన స్థితికి వచ్చింది. ఈ ప్రాంతంలో జీవకారుణ్యం గురించి చదివే ఏ బృందమైనా నీతిశతకాలతోపాటు నీటి పరీక్షల నివేదికలను చదవక తప్పదు.

భాష విషయం మరింత ముఖ్యమైనది. ఈ పారిశ్రామికవాడలలో బీహార్, ఒడిశా, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల కార్మికులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ కర్మాగారంలో సంభవించిన పేలుడులో నలభై మందికి పైగా మరణించారు. మృతులలో అనేకులు వలస కార్మికులు. జోగిపేటకూ పాశమైలారానికీ మధ్య దూరం కొన్ని పదుల కిలోమీటర్లే. 1921లో రాజధానిలో వినిపించని భాష తెలుగు. నేడు సంగారెడ్డి జిల్లాలో తెలుగు అధికసంఖ్యాకుల భాష. గ్రంథాలయం, పంచాయతీ, పాఠశాల దానివే. ఒడియాలోనో భోజ్‌పురిలోనో దుఃఖించే కార్మికుడు ఇప్పుడు అల్లంపల్లి వేంకటరామారావు నిలబడ్డ చోట నిలబడి ఉన్నాడు. అతని గురించి తెలుగులో సానుభూతి సభ జరపడం సులభం. అతని మాటను అతని భాషలో విని, అనువదించుకొని, తిరిగి అతనికి వినిపించే పఠనవేదికను నిర్మించడం కష్టం. చరిత్ర అడుగుతున్నది ఈ రెండవ పనినే.

10. ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలే అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

హైదరాబాదు రాష్ట్రంలో సామూహిక పఠనం గ్రంథాలయాలతో మొదలు కాలేదు. పురాణ కాలక్షేపం, హరికథ, భజన, అచలగోష్ఠి దానికి పునాది వేశాయి. గ్రంథాలయోద్యమ చరిత్రలో వీటికి స్థానం కల్పించవలసి ఉంది.

కారుణ్య జీవనాన్ని లక్ష్యంగా చేసుకొన్న తొలి ఆధునిక శ్రోతృసమాజాలు ఇక్కడి దళితవాడలలో రూపొందాయి. జగన్మిత్ర మండలిని సంఘసంస్కరణ సంస్థగానే కాక, పఠనచరిత్రలో భాగంగానూ అధ్యయనం చేయాలి.

జీవరక్షా మండలి వంటి సంస్థల కారుణ్యం పై నుంచి కిందికి ప్రవహించే దయగా మొదలైంది. భాగ్యరెడ్డివర్మ వంటివారు దానిని సమానత్వ ప్రశ్నగా మలిచారు. ఈ పరస్పర ప్రభావం మరింత లోతైన పరిశోధనకు అర్హమైనది.

1921 నాటి సభ, 1930 నాటి జోగిపేట సభ ఒకే సమస్యకు రెండు రూపాలు. అవమానాన్ని అనుభవించిన సమూహం మరొక సమూహాన్ని అవమానించకుండా ఉండాలంటే ఆ అనుభవం ఒక్కటే చాలదు. వినడాన్ని అలవాటుగా, నియమంగా మార్చుకొన్న వేదిక కావాలి.

కలిసి చదివే బృందానికి పుస్తకాల ఎంపిక అవసరమే. అంతకుముందు ఆ గదిలోకి ఎవరు రాగలరు, ఎవరు కూర్చోగలరు, ఎవరి భాషలో చర్చ సాగుతుంది అన్న మూడు విషయాలు తేలాలి. జోగిపేట సభ జరిగి తొమ్మిది దశాబ్దాలు దాటినా, అదే జిల్లాలోని కార్మికవాడలలో ఈ మూడు ప్రశ్నలకూ ఇంకా సమాధానం రావలసే ఉంది.